ఫార్మాట్ కొట్టాక ఆరు లైసెన్సులు ఎక్కడెక్కడ ఆగిపోయాయి: మూడు మెషీన్ల ప్రాజెక్టు డైరీ

మూడు కంప్యూటర్లు, ఆరు లైసెన్సులు. ఫార్మాట్‌కు ముందు ఆరూ పనిచేసేవి. కొట్టిన రోజు సాయంత్రానికి కొన్నది కొన్నట్టుగా ఒక్కటీ మిగల్లేదు. డబ్బు కట్టి తీసుకున్నవే, కీలు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నవే. తెర మీద వచ్చే మాట అన్నిచోట్లా దాదాపు ఒకటే: ఈ కీ పనిచేయదు. కారణం మాత్రం ఒక్కోచోట ఒక్కోటి. వెతికిన వరసలోనే రాస్తున్నాను. ఇదే పనికి కూర్చునేవాళ్లు కనీసం దశ 0 చదివి మొదలుపెట్టండి. నా నష్టంలో సగం అక్కడే జరిగింది.

మెషీన్లు:

- ల్యాప్‌టాప్: విండోస్ హోమ్‌తో వచ్చింది. తర్వాత స్టోర్ ద్వారా ప్రోకి మార్చుకున్నాను.
- పాత ల్యాప్‌టాప్: ఒక ఆఫీసు వాడి తీసేసినది. విండోస్ 10 ప్రో ఉండేది.
- డెస్క్‌టాప్: విడిభాగాలతో కూర్చినది. విండోస్ 10 ప్రో కీ విడిగా కార్డు మీద కొన్నాను. మదర్‌బోర్డు కాలిపోతే, వాడిన బోర్డు ఒకటి తెచ్చి వేశాను.

ఈ మూడు విండోస్‌లు కాక ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్‌లో ఒక డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్‌లో ఒక సౌండ్ ఎడిటర్. మొత్తం ఆరు.

పనిముట్లు: 8 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు, మల్టీమీటర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, టార్చి, నోట్‌బుక్. ఎర్రర్ నంబర్ల ముందు వచ్చే సున్నా-ఎక్స్ వదిలేసి రాస్తున్నాను.

దశ 0: ఫార్మాట్‌కు ముందు చేసిన తప్పు

కీ చదివిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడిపి, వచ్చిన కీలు నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. 25 అక్షరాలు, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. ల్యాప్‌టాప్ కీ చివరి గుంపు 3వీ66టీ. పాత ల్యాప్‌టాప్‌ది టీ83జీఎక్స్. డెస్క్‌టాప్ బోర్డు అప్పటికే పోయింది కాబట్టి దానిలో చదివేదేమీ లేదు, కార్డు ఉంది కదా అని వదిలేశాను.

ఆ రెండు గుంపులు మీ నోట్‌బుక్‌లో కూడా కనిపిస్తే ఫార్మాట్ ఆపండి. 3వీ66టీతో ముగిసేది విండోస్ 10, 11 ప్రోకి ఉండే జనరిక్ కీ. డిజిటల్ లైసెన్స్ (కంపెనీ సర్వర్‌లో మెషీన్ పేరున ఉండే నమోదు) మీద నడిచే లెక్కలేనన్ని మెషీన్లలో ఇదే కీ కనిపిస్తుంది. హోమ్‌కైతే చివర 8హెచ్‌వీఎక్స్7 ఉంటుంది. టీ83జీఎక్స్‌తో ముగిసేది సంస్థల మెషీన్లలో పెట్టే కేఎంఎస్ (సంస్థ సొంత యాక్టివేషన్ సర్వర్) క్లయింట్ కీ. దాన్ని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో అందరికీ కనిపించేలా ప్రచురించింది. ఎక్కించాల్సింది ఏ ఎడిషనో సెటప్‌కు చెప్పడం వరకే వీటి పని. వీటితో లైసెన్స్ రాదు.

నేను భద్రంగా దాచుకున్నవి నావి కానే కావు.

లైసెన్స్ అంటే ఒక కీకీ ఒక మెషీన్‌కీ ముడిపెట్టి ఎక్కడో రాసి ఉంచిన నమోదు. ఆ నమోదు ఎక్కడుంది అన్నదే అసలు ప్రశ్న. బయోస్ చిప్‌లో ఉండొచ్చు, కంపెనీ సర్వర్‌లో ఉండొచ్చు, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండొచ్చు, సీ డ్రైవ్‌లోనే ఉండొచ్చు. ఫార్మాట్ తుడిచేది ఈ చివరిదాన్నే. కానీ మిగతా మూడు చోట్లా రాసి ఉన్నదాంతో కొత్త విండోస్ సరిపోలాలి. పేచీలన్నీ అక్కడే.

కీ రాసుకోవడానికి బదులు చేయాల్సింది ఇది:

1. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ (విండోస్ లైసెన్స్ వివరాలు చూపే కమాండ్) నడపాలి.
2. వివరణ వరుసలో ఏ చానెల్ ఉందో రాసుకోవాలి: రిటైల్ (విడిగా కొన్నది), ఓఈఎం (మెషీన్‌తో వచ్చింది), వాల్యూమ్ (సంస్థలకు ఇచ్చేది).
3. ఎడిషన్ పేరు, కీలో చివరి ఐదు అక్షరాలు రాసుకోవాలి.
4. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీని ఫొటో తీయాలి. డిజిటల్ లైసెన్స్ అని ఉందా, దానికి అకౌంట్ జతై ఉందా అన్నది అక్కడ తెలుస్తుంది.

ఇవన్నీ కలిపి మెషీన్‌కు నాలుగు నిమిషాల పని. నేను చేయలేదు.

ఇప్పటికి: సమయం 40 నిమిషాలు. తిరస్కరణలు 0. నిలబడ్డ లైసెన్సులు 6లో 6. ఆ తర్వాత ఫార్మాట్ కొట్టాను.

దశ 1: ల్యాప్‌టాప్‌లో ప్రో బదులు హోమ్ ఎక్కింది

సెటప్ ఎడిషన్ అడగలేదు, కీ అడగలేదు. నేరుగా హోమ్ ఎక్కించేసింది. నెట్ తగలగానే హోమ్ యాక్టివేట్ కూడా అయింది. నాకు కావలసిన, డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పేజీ, గ్రూప్ పాలసీ ఎడిటర్ రెండూ లేవు.

నోట్‌బుక్‌లో ఉన్న ప్రో కీని ఎస్ఎల్ఎంజీఆర్ /ఐపీకేతో ఎక్కించబోయాను. సీ004ఎఫ్069. టైపింగ్ తప్పేమోనని రెండోసారి, మెషీన్ ఆపి పెట్టి మూడోసారి కొట్టాను. అదే నంబర్. అక్షరాల మీద అనుమానంతో అరగంట పోయింది. ఆ నంబర్‌కు అర్థం వేరు. ఎక్కి ఉన్న ఎడిషన్‌కీ ఇచ్చిన కీకీ పొత్తు లేదని. హోమ్ మీద ప్రో కీ కొడుతున్నాను కాబట్టి అది ఎన్నిసార్లు కొట్టినా అంతే.

హోమ్ ఎందుకు ఎక్కిందంటే, విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు మెషీన్‌తో ఇచ్చే కీని బయోస్ ఫర్మ్‌వేర్‌లోనే రాసి పంపుతున్నారు. ఎంఎస్‌డీఎం అనే చిన్న పట్టికలో ఆ 25 అక్షరాలూ మామూలు అక్షరాలుగానే ఉంటాయి. సెటప్ దాన్ని చదివి, అది హోమ్ కీ అయితే హోమ్ ఎక్కిస్తుంది. నేను తర్వాత ప్రోకి మారిన సంగతి ఆ చిప్‌కు తెలియదు. అది నమోదైంది సర్వర్‌లో, ఈ మెషీన్ హార్డ్‌వేర్ ముద్ర పక్కన. దాన్నే డిజిటల్ లైసెన్స్ అంటున్నారు. 2015లో విండోస్ 10తో మొదలైనప్పుడు దాని పేరు డిజిటల్ ఎంటైటిల్‌మెంట్. 2016లో 1607 వెర్షన్ నుంచి ఈ పేరు వచ్చింది, దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జతచేసే వీలు కూడా అప్పుడే వచ్చింది.

అంటే ప్రో లైసెన్స్ ఎక్కడికీ పోలేదు. ఈ మెషీన్ మీద ప్రో ఎడిషన్ ఎక్కి ఉంటే చాలు, సర్వర్ గుర్తుపడుతుంది. సెట్టింగ్స్‌లో కీ మార్చే చోటు నుంచి ఎడిషన్ పెంచే దారి ఉంది. డ్రైవ్‌లో ఇంకా ఏమీ లేదు కాబట్టి నేను మళ్లీ మొదటి నుంచే ఎక్కించాను. ఈసారి ఒక్క మార్పు:

1. పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ ఫోల్డర్ తెరవాలి.
2. అందులో పీఐడీ అనే టెక్స్ట్ ఫైల్ చేయాలి.
3. మొదటి వరుస: చదరపు బ్రాకెట్ల మధ్య పీఐడీ.
4. రెండో వరుస: వాల్యూ, సమానం గుర్తు, ఆ తర్వాత గీతలతో సహా ప్రో జనరిక్ కీ. ఫైల్‌లో అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే.
5. సేవ్ చేసి ఆ పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేయాలి.

సెటప్ ముందు ఈ ఫైల్ కోసం చూస్తుంది, అది లేకపోతేనే ఫర్మ్‌వేర్ కీ దగ్గరికి వెళ్తుంది. ఎక్కడానికి 38 నిమిషాలు పట్టింది. నెట్ కలిపాక నాలుగో నిమిషంలో యాక్టివేట్ అయింది. కీ పెట్టె తెరవాల్సిన పనే పడలేదు. పనికిరాదనుకున్న జనరిక్ కీకి సరైన స్థానం ఇదే.

ఇప్పటికి: సమయం 3 గంటల 30 నిమిషాలు. తిరస్కరణలు 3. నిలబడ్డవి 6లో 1.

దశ 2: పాత ల్యాప్‌టాప్, 180 రోజుల లైసెన్స్

దీనికి మెషీన్‌తో పాటు వచ్చిన పెన్‌డ్రైవ్‌నే వాడాను. ప్రో ఎక్కింది, యాక్టివేట్ కాలేదు. మొదట 8007232బీ, రెండోసారి సీ004ఎఫ్074. రెండింటి భావం ఒకటే: కేఎంఎస్ సర్వర్ ఎక్కడుందో దొరకలేదు.

కేఎంఎస్ అంటే సంస్థలు తమ నెట్‌వర్క్‌లోనే పెట్టుకునే యాక్టివేషన్ సర్వర్. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌ల లాంటివి కనీసం 25 మెషీన్లు అడిగితేనే అది యాక్టివేట్ చేయడం మొదలుపెడుతుంది. సర్వర్ విండోస్‌లకైతే 5 చాలు. అలా వచ్చిన యాక్టివేషన్ 180 రోజులు ఉంటుంది. మెషీన్ ప్రతి 7 రోజులకోసారి దాన్ని పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆఫీసు దాటి వచ్చాక కూడా ఇది పనిచేసిందంటే ఆ 180 రోజుల్లో ఇంకా కొన్ని మిగిలి ఉండటమే కారణం. ఫార్మాట్ కొట్టకపోయినా ఇంకొన్నాళ్లకు ఆగిపోయేదే. పైగా ఆ లైసెన్స్ ఆ సంస్థది, మెషీన్ చేతులు మారినంత మాత్రాన మనది కాదు. ఈ రకం మెషీన్ తీసుకునేవాళ్లు యాక్టివేటెడ్ అన్న మాట చూసి ఊరుకోవద్దు, చానెల్ చూడండి.

ఈ మెషీన్ తయారైనప్పుడు దానికంటూ ఒక కీ ఇచ్చే ఉండాలి కదా అని ఫర్మ్‌వేర్ వెతికాను. డబ్ల్యూఎంఐసీ కమాండ్‌తో ఓఏ3ఎక్స్ ఒరిజినల్ ప్రొడక్ట్ కీ అడిగితే 25 అక్షరాలు వచ్చాయి. ప్రో కీయే. మెషీన్‌తో వచ్చిన ఆ పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ ఫోల్డర్ తెరిస్తే ఈఐ అనే కాన్ఫిగ్ ఫైల్‌లో చానెల్ వాల్యూమ్ అని రాసి ఉంది. సెటప్ ఫర్మ్‌వేర్ కీని ఎందుకు పట్టించుకోలేదో అప్పుడు తెలిసింది. విండోస్ మళ్లీ ఎక్కించాల్సిన అవసరం రాలేదు. ఆ కీని /ఐపీకేతో ఎక్కించి, /ఏటీఓతో యాక్టివేట్ చేశాను. 11 సెకన్లు.

ఇప్పటికి: సమయం 4 గంటల 50 నిమిషాలు. తిరస్కరణలు 5. నిలబడ్డవి 6లో 2.

దశ 3: డెస్క్‌టాప్, ఒకే కీకి మూడు అడ్డంకులు

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే, ఎక్కువ నేర్పింది కూడా ఇదే.

కార్డు మీద కీని కప్పి ఉంచే బూడిద రంగు పూత ఉంటుంది, గీరితే పోతుంది. కొన్న రోజున నాణెంతో గట్టిగా గీకాను. పూతతో పాటు మూడు అక్షరాల సిరా లేచిపోయింది. అప్పట్లో ఊహించి చదివి టైప్ చేస్తే అదృష్టం కొద్దీ కుదిరింది. ఇప్పుడు సిరా ఇంకా చెదిరింది. ఒక అక్షరం సున్నాలా ఉంది, ఒకటి 5లా ఉంది, ఒకటి 8 లాగానూ ఉంది, బీ లాగానూ ఉంది. సున్నా, 5, 8 అనుకుని కొట్టాను. సీ004ఎఫ్050, కీ చెల్లదు.

ఇక్కడ ఒక విషయం తెలిస్తే పని సగం తగ్గుతుంది. విండోస్ కీలో అన్ని అక్షరాలూ రావు. వచ్చేవి 24: బీ, సీ, డీ, ఎఫ్, జీ, హెచ్, జే, కే, ఎం, పీ, క్యూ, ఆర్, టీ, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై, అంకెల్లో 2, 3, 4, 6, 7, 8, 9. విండోస్ 8 నుంచి వచ్చిన కీలలో వీటికి తోడు ఎన్ కూడా ఉంటుంది. సున్నా లేదు, ఓ లేదు. 1, ఐ, ఎల్ లేవు. 5, ఎస్ లేవు. కంటికి ఒకేలా కనిపించే జతలను చాలావరకు ముందే తీసేశారు. కాబట్టి నేను సున్నా అనుకున్నది డీ గానీ క్యూ గానీ అయి ఉండాలి. 5 అనుకున్నది 6 లేదా జీ. మూడోది మాత్రం నిజంగానే 8 కావచ్చు, బీ కావచ్చు. ఆ జత ఇంకా మిగిలే ఉంది. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మొత్తం ఎనిమిది కూర్పులు.

ఎనిమిది సార్లు సర్వర్‌ను అడిగితే కీని ఆపేస్తారేమోనని భయం వేసింది. అప్పుడే నెట్ కేబుల్ తీసి చూద్దామనిపించింది. నెట్ లేకుండా కొట్టినా సీ004ఎఫ్050 రెండు సెకన్లలోనే వచ్చింది. అంటే ఈ తిరస్కరణ సర్వర్‌ది కాదు. సరిచూసుకునే లెక్క కీ అక్షరాల్లోనే ఇమిడి ఉంటుంది, దాన్ని మెషీనే చూసుకుంటుంది. కేబుల్ బయటే పెట్టి ఒక్కో కూర్పూ కొట్టుకుంటూ వచ్చాను. ఒక్కోదానికి టైపింగుతో సహా 40 సెకన్లు. ఐదోది ఆమోదించింది: క్యూ, 6, 8. టార్చిని కార్డుకు పక్కవాటుగా పట్టుకుని చూస్తే క్యూ తోక గాడి కాగితం మీద కనిపించింది. సిరా పోయినా నొక్కు పోలేదు. ముందే అలా చూసి ఉంటే ఎనిమిది కూర్పులు నాలుగయ్యేవి.

కేబుల్ పెట్టి /ఏటీఓ కొట్టాను. 80072ఎఫ్8ఎఫ్. ఇది కీ గొడవే కాదు. మెషీన్ తేదీ తప్పైతే సురక్షిత కనెక్షన్ కుదరదు, అప్పుడొచ్చే నంబర్ ఇది. గడియారం చూస్తే కొన్నేళ్లు వెనక్కి ఉంది. సరిచేసి, కరెంటు తీసి, మళ్లీ పెడితే మళ్లీ అదే పాత తేదీ. బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీ తీసి మల్టీమీటర్ పెట్టాను: 2.31 వోల్టులు. దాని మీద రాసి ఉండేది 3. కొత్తది 3.18 చూపించింది. అది వేశాక రాత్రంతా కరెంటు తీసి ఉంచినా తేదీ నిలిచింది.

మళ్లీ /ఏటీఓ. ఈసారి 14 సెకన్లు ఆలోచించి సీ004సీ008 ఇచ్చింది. అనుమతించిన సంఖ్యకు మించి ఈ కీ వాడారని. ఇదొక్కటే నిజంగా సర్వర్ నుంచి వచ్చిన జవాబు. ఈ కీకి ఇది మూడో మదర్‌బోర్డు. లెక్కలో ఒక్కో బోర్డూ ఒక్కో మెషీన్. ర్యామ్, డిస్క్ మారిస్తే మామూలుగా ఫర్వాలేదు గానీ బోర్డు మారితే హార్డ్‌వేర్ ముద్రే మారిపోతుంది. పాత బోర్డు మీద ఉండగా లైసెన్స్‌ను అకౌంట్‌కు జతచేసి ఉంటే ట్రబుల్‌షూటర్‌లో ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను అన్న దారి పట్టేవాణ్ని. లోకల్ అకౌంట్‌తోనే నడుపుకున్నాను కాబట్టి ఆ తలుపు మూసుకుంది.

మిగిలింది ఫోన్ యాక్టివేషన్. ఎస్ఎల్‌యూఐ 4 అని కొడితే తెర మీద 63 అంకెల ఇన్‌స్టాలేషన్ ఐడీ వచ్చింది, ఏడేసి చొప్పున తొమ్మిది గుంపులు. అది చెబితే అటు నుంచి 48 అంకెల కన్ఫర్మేషన్ ఐడీ ఇచ్చారు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఇది ఎన్ని మెషీన్లలో ఉంది అని అడిగారు, ఒక్కదాంట్లోనే అన్నాను. పాత బోర్డు చెత్తలోకి పోయింది కాబట్టి అది నిజమే. రిటైల్ కీ కావడం వల్లే ఇది కుదిరింది. ఓఈఎం కీ తాను పుట్టిన మెషీన్‌తోనే పోతుంది.

ఈ దశ నుంచి తయారైన పరీక్ష ఇది. ఏ మెషీన్‌లోనైనా ముందు ఇదే చేస్తున్నాను:

1. నెట్ తీసేయాలి.
2. /ఐపీకేతో కీ ఎక్కించాలి.
3. వెంటనే సీ004ఎఫ్050 వస్తే అక్షరాలు తప్పు. పై జాబితాతో పోల్చాలి.
4. సీ004ఎఫ్069 వస్తే ఎడిషన్ తప్పు. అక్షరాల జోలికి పోవద్దు.
5. కీని తీసుకుంటే తేదీ చూసుకుని, నెట్ పెట్టి, /ఏటీఓ కొట్టాలి.
6. 80072ఎఫ్8ఎఫ్ అయితే గడియారం. సీ004ఎఫ్074 అయితే వాల్యూమ్ కీ. సీ004సీ008 అయితే సర్వర్ లెక్క. 803ఎఫ్7001 అయితే ఈ హార్డ్‌వేర్‌కు సర్వర్‌లో లైసెన్సే లేదు.

ఇప్పటికి: సమయం 9 గంటల 15 నిమిషాలు. తిరస్కరణలు 12. నిలబడ్డవి 6లో 3.

దశ 4: డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, అదే మెషీన్ అయినా కొత్త మెషీన్

ఒకే కీతో రెండు మెషీన్లలో వాడుకోవచ్చు, ఒక్కో మెషీన్‌కు ఒక సీటు. పైన వీటిని రెండు లైసెన్సులుగా లెక్కపెట్టాను. రెండిట్లోనూ డీయాక్టివేట్ చేయకుండానే ఫార్మాట్ కొట్టాను. మెనూలో ఆ ఐటమ్ ఉంది, ఎన్నోసార్లు చూశాను. ఒక్క నొక్కు నొక్కి ఉంటే ఈ దశ మొత్తం ఉండేది కాదు.

ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఎక్కించి కీ ఇస్తే, రెండు సీట్లూ వాడుకలో ఉన్నాయంది. డెస్క్‌టాప్ బోర్డు మారింది కాబట్టి అక్కడ ఒప్పుకోకపోవడం అర్థమవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఒక్క స్క్రూ కూడా విప్పలేదు, దాన్నెందుకు కొత్త మెషీన్ అంటోందో అంతుబట్టలేదు. పాత లైసెన్స్ ఫైల్ బ్యాకప్‌లో దొరికింది. అందులో హోస్ట్ ఐడీ అని రెండు విలువలు ఉన్నాయి. ఇప్పటి విలువలతో పక్కపక్కన పెట్టి చూశాను:

- సీ డ్రైవ్ వాల్యూమ్ సీరియల్: ఎనిమిది అక్షరాల్లో ఒక్కటీ కలవలేదు.
- నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు గుర్తింపు సంఖ్య): ఇదీ కలవలేదు.

మొదటిదానికి జవాబు తేలిగ్గానే దొరికింది. పేరులో సీరియల్ అని ఉన్నా వాల్యూమ్ సీరియల్ డిస్క్ తయారీ నంబర్ కాదు. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. వీఓఎల్ అని కొడితే కనిపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు రిజిస్ట్రీలో క్రిప్టోగ్రఫీ కింద ఉండే మెషీన్ గైడ్ అనే విలువను పట్టుకుంటాయి, అదీ విండోస్ ఎక్కించినప్పుడల్లా కొత్తదే. హార్డ్‌వేర్‌ను గుర్తుపడుతున్నాం అనుకుని ఫార్మాట్‌తో మారిపోయేవాటిని పట్టుకుంటే, నిజాయతీగా కొన్నవాడే ఇలా బయట నిలబడాల్సి వస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి దీని గురించి ఆలోచించండి.

మ్యాక్ అడ్రస్ ఎందుకు మారిందో తెలియడానికి ముందే ఇంకో దెబ్బ తిన్నాను. సపోర్ట్‌కు రాస్తే రెండు రోజులకు రెండు సీట్లూ ఖాళీ చేశారు. ల్యాప్‌టాప్‌లో సంతోషంగా యాక్టివేట్ చేశాను, అయింది. సాయంత్రం ఫోన్ కేబుల్ తీసి మెషీన్ మళ్లీ ఆన్ చేస్తే లైసెన్స్ లేదంది.

కొత్త విండోస్‌లో వైఫై డ్రైవర్ ఇంకా ఎక్కలేదు. నెట్ కోసం ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ పెట్టుకున్నాను. ఆ క్షణంలో మెషీన్‌కు ఉన్న ఒకే ఒక్క నెట్‌వర్క్ కార్డు ఫోనే. లైసెన్స్ ఫోన్ మ్యాక్ అడ్రస్‌కు ముడిపడింది. పైగా మా ఫోన్ కేబుల్ పెట్టిన ప్రతిసారీ కొత్త అడ్రస్ ఇస్తోంది, మూడుసార్లు పెట్టి చూశాను, మూడూ వేర్వేరు. కాబట్టి కేబుల్ మళ్లీ పెట్టినా లాభం లేకపోయింది. ఇందాక మ్యాక్ కలవకపోవడానికి కారణం కూడా ఇదే, నేను చూసింది ఫోన్ అడ్రస్‌ని.

వైఫై డ్రైవర్ ఎక్కించాక చూస్తే అసలు అడ్రస్ పాత ఫైల్‌లో ఉన్నదే. జరిగింది జరిగినట్టు రాసి, ఇంకోసారి సీటు ఖాళీ చేయమని అడిగాను. ఇంకో రెండు రోజులు. ఈసారి వరస మార్చాను:

1. వైఫై, ఈథర్‌నెట్ డ్రైవర్లు ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఎక్కించాలి.
2. వైఫై సెట్టింగ్స్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి.
3. టెథరింగ్, యూఎస్‌బీ నెట్‌వర్క్ డాంగిల్ ఏదున్నా తీసేయాలి. వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ తర్వాతే ఎక్కించాలి, అది కూడా ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డును చేరుస్తుంది.
4. ఆ తర్వాతే యాక్టివేట్ చేయాలి.
5. చేశాక ఒకసారి పూర్తిగా ఆపి, ఆన్ చేసి చూడాలి.

వాల్యూమ్ సీరియల్‌ను పాత విలువకు మార్చే చిన్న పనిముట్లు ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు. కొన్న లైసెన్స్‌ను దొంగదారిలో నడుపుకోవాల్సిన ఖర్మ ఎవరికీ అక్కర్లేదు, అడిగితే ఇచ్చారు.

ఇప్పటికి: సమయం 11 గంటల 20 నిమిషాలు, జవాబుల కోసం ఆగిన 4 రోజులు దీనికి అదనం. తిరస్కరణలు 15. నిలబడ్డవి 6లో 5.

దశ 5: సౌండ్ ఎడిటర్

కీ సరిగ్గానే ఉంది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. రెండుసార్లు ప్రయత్నించాను, సర్వర్ దొరకలేదు. ఆ ప్రోగ్రామ్ చేసిన చిన్న కంపెనీ వ్యాపారం మానేసింది. యాక్టివేషన్ సర్వర్ కూడా దాంతోపాటే పోయింది. పాత విండోస్‌లో ఒకసారి యాక్టివేట్ అయి ఉండటం వల్ల ఇన్నాళ్లూ నడిచింది. నమోదు సీ డ్రైవ్‌లో మాత్రమే ఉంది, దాన్ని నా చేతులతో నేనే తుడిచేశాను.

ఫార్మాట్‌కు ముందు డ్రైవ్ మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీసి ఉంటే దాన్ని వెనక్కి వేసుకునేవాణ్ని. ఇమేజ్‌లో వాల్యూమ్ సీరియల్, మెషీన్ గైడ్, లైసెన్స్ ఫైల్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. తీయలేదు.

ఇప్పటికి: సమయం 12 గంటల 5 నిమిషాలు. తిరస్కరణలు 17. నిలబడ్డవి 5, పోయింది 1.

దశ 6: ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఫార్మాట్ కొట్టి చూశాను

రాసినంత మాత్రాన పద్ధతి సరైనదని చెప్పలేం కదా. అందుకే ల్యాప్‌టాప్‌ను కావాలనే ఇంకోసారి తుడిచాను. ఈ వరసలో:

1. బయటి డిస్క్ మీదికి పూర్తి ఇమేజ్. 52 నిమిషాలు, ఇది కింది లెక్కలో కలపలేదు.
2. దశ 0లోని నాలుగు పనులు.
3. డిజిటల్ లైసెన్స్‌ను అకౌంట్‌కు జతచేయడం.
4. డీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఉంది కాబట్టి దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీదికి. సీ డ్రైవ్ తుడిచాక డీ తెరవాలంటే ఇదే దిక్కు.
5. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ డీయాక్టివేట్. నా మెషీన్‌లో అయిందనడం చాలదు, కంపెనీ సైట్‌లో నా పేజీ తెరిచి 2లో 1 అని తగ్గిందో లేదో చూశాను. తగ్గడానికి మూడు నిమిషాలు పట్టింది.
6. పెన్‌డ్రైవ్‌లో పీఐడీ ఫైల్, డ్రైవర్ల ఫోల్డర్.
7. ఫార్మాట్, ఇన్‌స్టాల్, తేదీ, డ్రైవర్లు, నెట్, విండోస్ యాక్టివేషన్, ఆ తర్వాతే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్.

మొత్తం 1 గంట 35 నిమిషాలు. తిరస్కరణలు 0. విండోస్ ఆరో నిమిషంలో, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి నొక్కులోనే యాక్టివేట్ అయ్యాయి. ఆపి, ఆన్ చేశాక కూడా రెండూ ఉన్నాయి.

డెస్క్‌టాప్‌లో లైసెన్స్‌ను అకౌంట్‌కు జతచేశాను. కార్డు మీది కీ టార్చి వెలుతురులో పెద్దగా ఫొటో తీసి, క్యూ, 6, 8 అని పక్కన రాసి, మదర్‌బోర్డు పెట్టెలోనే పెట్టాను. బ్యాటరీ నెల తర్వాత మళ్లీ కొలిస్తే 3.15.

సౌండ్ ఎడిటర్‌కు సంబంధించిన ప్రాజెక్టు ఫైళ్లు 31 ఉన్నాయి, అవి ఇంకే ప్రోగ్రామ్‌లోనూ తెరుచుకోవు. ట్రయల్‌లో పెడితే వినిపిస్తుంది గానీ సేవ్ చేయనివ్వదు. అందుకని ఒక్కోటి అక్కడ ప్లే చేస్తూ, ఇంకో ప్రోగ్రామ్‌లో రికార్డు చేసుకుంటున్నాను. నలభై నిమిషాల ఫైల్‌కు నలభై నిమిషాలూ కూర్చోవాలి. ట్రయల్ గడువు 30 రోజులు, అందులో 12 అయిపోయాయి. ఇప్పటికి 31లో 9 ఫైళ్లు బయటపడ్డాయి.